కవిత్వంలో భక్తి, నీతి: తరిగిందేమిటి? మిగిలిందేమిటి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

ఈ బడిలో చదువుకున్నవాణ్ణి, తరువాత చాలా ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి కనుక సంఘం వారు నాకు ఒక సాహిత్య విషయం అప్పగించారు. "కవిత్వంలో నానాటికీ తరిగిపోతున్న భక్తి, నీతి" అన్నది ఆ అంశం. మీరు గమనించారో లేదో, ఆ శీర్షికలో ప్రశ్న లేదు, తీర్పే ఉంది. తీర్పు వారు రాసేసి, వాదన మాత్రం నన్ను వినిపించమన్నారు. వాదన పూర్తయ్యేసరికి తీర్పులో ఒకటి రెండు మాటలు మారతాయేమో చూద్దాం.

ఈ ఫిర్యాదు మనందరం చేసేదే. పూర్వం కవి తన కావ్యాన్ని దేవుడికి అంకితం చేశాడు. తిక్కన భారతాన్ని హరిహరనాథుడికి ఇచ్చాడు. పోతన భాగవతాన్ని శ్రీరాముడికి సమర్పించాడు. శతకకారులు పిల్లలకు అర్థమయ్యే నాలుగు పాదాల్లో బతకడం నేర్పారు. ఇప్పటి కవి దేవుణ్ణి తలచుకోడు, తలచుకుంటే నిలదీయడానికే. నీతి మాట ఎత్తితే పాతకాలపు మనిషి అంటారు. ఇదీ ఫిర్యాదు. ఇందులో నిజం లేకపోలేదు. అయితే ఆ నిజం ఎక్కడుందో సరిగ్గా పట్టుకోకపోతే, పోయినదాన్ని వదిలేసి పోనిదాని కోసం ఏడుస్తాం.

ముందుగా ఒక సంగతి. దేవుణ్ణి నిలదీయడం ఈ కాలపు కవి కనిపెట్టింది కాదు. భద్రాచల రామదాసునే చూడండి. కంచెర్ల గోపన్న పాల్వంచలో తహశీల్దారు. ఖజానాకు చేరవలసిన సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. అక్కడ పాడిన కీర్తనల్లో ఒకదానిలో ఏకంగా లెక్కల పద్దు విప్పాడు. సీతమ్మకు ఏ నగ చేయించాడో, లక్ష్మణుడికి ఏది చేయించాడో, దేనికి ఎంత ఖర్చయిందో వరసగా అప్పజెప్పి, ఎవరి సొమ్మనుకొని వీటిని పెట్టుకొని తిరుగుతున్నావని రాముణ్ణే అడిగాడు. అడిగి ఊరుకోలేదు. దెబ్బలు ఓర్చుకోలేక అన్నాను, మనసులో పెట్టుకోవద్దని వెంటనే బతిమాలుకున్నాడు. తిట్టూ అక్కడే, క్షమాపణా అక్కడే. అంత చనువు ఉన్నచోటే అంత కోపం ఉంటుంది.

కృష్ణా తీరాన ఉన్న శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణువు మీద కాసుల పురుషోత్తమ కవి రాసిన ఆంధ్రనాయక శతకం మరొక ఉదాహరణ. పైకి చూస్తే ఎత్తిపొడుపు, లోపల స్తోత్రం. సింహాచలం స్వామి మీద గోగులపాటి కూర్మనాథ కవి చెప్పిన శతకమూ అంతే. ఊళ్ల మీద దండు వచ్చి పడితే కదలకుండా కూర్చున్నావేమని స్వామిని రెచ్చగొట్టాడు. వీళ్లెవరినీ నాస్తికులని అనలేం. కాబట్టి ప్రశ్నించడం వల్ల భక్తి తరగదు. భక్తి ఎక్కడ తరుగుతుందో తరువాత చెబుతాను.

రెండో సంగతి నీతి. పాత పద్యంలో ఉన్నదంతా నీతే అనుకోవడానికీ వీల్లేదు. తెలుగు పాఠం చెప్పిన వాళ్లకు ఇది బాగా తెలుసు. సుమతి శతకం చేతికిచ్చి మొత్తం చదవమంటే పిల్లలు చదువుతారు. కానీ అందులో ఆడదాన్ని నమ్మరాదనే ధోరణి పద్యాలు కూడా ఉన్నాయి. వేమన పేరు మీద ప్రచారంలో ఉన్నవాటిలోనూ అలాంటివి కనిపిస్తాయి. వాచకం తయారుచేసేవారు వాటిని వదిలేస్తారు. ఆడపిల్లలు సగం మంది ఉన్న తరగతిలో ఏ ఉపాధ్యాయుడూ వాటిని వల్లె వేయించడు. అంటే పాత నీతిని మనం యథాతథంగా తీసుకోవడం లేదు. జల్లెడ పట్టే తీసుకుంటున్నాం. ఆ జల్లెడ ఎక్కడిది? తరువాత వచ్చిన సంస్కర్తలు, తరువాత వచ్చిన కవులు ఇచ్చిందే. కొత్త కవిత్వం నీతిని చెడగొట్టిందని అనేముందు ఆ రుణం గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో ఉదాహరణ చెబుతాను. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి. ఆమె రాసిన రాధికా సాంత్వనం అశ్లీలమని కందుకూరి వీరేశలింగం పంతులు గారు తప్పుపట్టారు. పంతులు గారు సామాన్యుడా? 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించి, ఊరంతా ఎదురుతిరిగినా నిలబడ్డ మనిషి. ఆయన మాటకు బదులిచ్చిన మనిషి బెంగుళూరు నాగరత్నమ్మ. 1910లో ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చు వేయించి, మగకవుల కావ్యాల్లో ఉన్న శృంగారానికి లేని అభ్యంతరం దీనికి మాత్రం ఎందుకని ముందుమాటలోనే అడిగింది. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. దశాబ్దాల తరువాత గాని ఆ నిషేధం తొలగలేదు. నీతి లేనిదాన్ని వెనకేసుకొచ్చిందని నిందపడ్డ ఈ నాగరత్నమ్మే తన ఆస్తి ఖర్చుపెట్టి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మీద గుడి కట్టించింది. భక్తి ఎవరిలో ఉంది, నీతి ఎవరి పక్షాన ఉంది? ఇద్దరూ గొప్పవాళ్లే. కానీ నీతి తరిగిందనే మాటను పెద్దమనిషి అన్నా సరే, ఒకసారి ఆగి వినాలని ఈ కథ చెబుతుంది.

ఇక ఆధునిక కాలానికి వద్దాం. 1910 ప్రాంతంలో గురజాడ అప్పారావు ముత్యాల సరాలతో వచ్చాడు. ఆయన పూర్ణమ్మ కథ మనలో చాలామంది చిన్నప్పుడు చదివి కళ్లు తుడుచుకున్నదే. పూర్ణమ్మ పూజారింటి పిల్ల. దుర్గమ్మకు రోజూ పూలు కోసి పెట్టే పిల్ల. కాసులకు ఆశపడి తండ్రి ఆ పిల్లను ముసలివాడికి కట్టబెట్టాడు. చివరకు ఆ పిల్ల దుర్గమ్మలోనే కలిసిపోయింది. ఇందులో భక్తి లేదని ఎవరనగలరు? భక్తి ఉన్నది పిల్లలో. పూజారి తండ్రిలో లేనిది నీతి. గుడి ఉన్న ఇంట్లోనే అన్యాయం జరగగలదని గురజాడ చూపించాడు. అంతకు ముందు నీతి పద్యం "నువ్వు మంచిగా ఉండు" అని మనిషికి చెప్పేది. గురజాడ నుంచి కవిత్వం "మనం ఏర్పరచుకున్న లోకం మంచిగా ఉందా?" అని కూడా అడగడం మొదలుపెట్టింది. నీతి పరిధి పెరిగిందే గాని తరగలేదు.

జాషువా గబ్బిలం 1941లో వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపితే, జాషువా కథానాయకుడు గబ్బిలంతో పంపాడు. ఎవరికి? కాశీ విశ్వనాథుడికి. ఎందుకు గబ్బిలం? గుడిలోకి గబ్బిలం పోవచ్చు, అంటరానివాడని ముద్రపడ్డ మనిషి పోకూడదు. ఈ ఒక్క ఊహ చాలు. వంద ఉపన్యాసాలు చెప్పలేనిది చెప్పింది. ఒక్కటి గమనించండి. ఆ పేదవాడు కలెక్టరుకు అర్జీ పెట్టుకోలేదు, పత్రికకు రాయలేదు. తన గోడు వినవలసినవాడు శివుడేనని నమ్మి పంపాడు. గుమ్మం దగ్గర ఆపేసినా లోపలున్నవాడి మీద నమ్మకం వదులుకోని మనిషి. భక్తుడనే మాటకు ఇంతకంటే మంచి అర్థం నాకు తెలియదు.

తరువాతి చరిత్ర మీకు తెలిసిందే, త్వరగా చెబుతాను. 1930ల్లో రాసిన గేయాలతో శ్రీశ్రీ మహాప్రస్థానం 1950లో పుస్తకమైంది. కష్టజీవి చెమటకు అది పట్టాభిషేకం చేసింది. ఆ దశాబ్దాల్లోనే విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షం రాస్తున్నారు. 1970 సంవత్సరానికి జ్ఞానపీఠం తెలుగుకు తొలిసారి తెచ్చిపెట్టింది ఆ రామకథే. కాబట్టి భక్తి పోయి నాస్తికత్వం వచ్చిందని గీత గీయలేం. రెండూ ఒకే కాలంలో, ఒకే భాషలో పక్కపక్కన నడిచాయి. 1965, 1966, 1968లలో దిగంబర కవుల మూడు సంపుటాలు వచ్చాయి. మొదటిదాన్ని హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ బూతులకు చెవులు మూసుకున్నవాళ్లు ఉన్నారు. మూసుకోవలసిన మాటలూ ఉన్నాయి. కానీ కుళ్లును చూసి కడుపు మండినవాడి నోట వచ్చిన మాట అది. లోకం మంచిగా ఉండాలని ఎక్కడో నమ్మకం ఉన్నవాడికే అంత కోపం వస్తుంది. 1993లో నీలిమేఘాలు స్త్రీల గొంతు వినిపించింది. 1995లో చిక్కనవుతున్న పాట దళితుల గొంతు వినిపించింది. వంటింట్లో ఏం జరుగుతోంది, ఊరి చివర ఏం జరుగుతోంది అన్నవి నీతి ప్రశ్నలు కావా?

మరి తరిగింది ఏమీ లేదా? ఉంది. ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను.

పద్యంలో ఏముందని చూడటం మానేసి, పద్యం ఎవరితో మాట్లాడుతోందని చూడండి. ధూర్జటి కాళహస్తీశ్వర శతకంలో రాజులను దుయ్యబట్టాడని అందరూ చెబుతారు. నిజమే, కాని అది సగమే. మిగతా సగంలో ఆయన దుయ్యబట్టింది తన మనసునే. సుఖాలు వదల్లేని తన బలహీనతను, వయసు మళ్లినా తీరని తన ఆశను శివుడి ముందు దాచుకోకుండా విప్పాడు. రామదాసు రాముణ్ణి నిందించాడు, తన నోటిదురుసునూ ఒప్పుకున్నాడు. వేమన సంగతి ఇంకా చిత్రం. 1829లో బ్రౌను దొర అచ్చు వేయించేదాకా ఎక్కువగా జనం నాలుకల మీదే బతికిన ఆ పద్యాల చివర మకుటంలో ఆయన పిలిచింది తనను తానే. గుళ్లనీ గురువులనీ కులాలనీ కడిగిపారేసిన మనిషి, ప్రతి పద్యం చివరా "నువ్వు విను" అని తన పేరే పెట్టుకున్నాడు. ముందు తాను వినాలి, తరువాత లోకం వింటుంది.

ఇదీ తరిగింది. తనను తాను బోనులో నిలబెట్టుకోవడం తరిగింది.

ఎందుకు తరిగిందో కూడా ఆలోచించాలి. భక్తకవికి ఒక శ్రోత ఉన్నాడు. ఆ శ్రోత దగ్గర ఏదీ దాచలేమని ఆయన నమ్మకం. అన్నీ తెలిసినవాడి ముందు గొప్పలు చెప్పుకొని ఏం లాభం? అందుకని నిజం చెప్పాడు. ఇప్పటి కవికి ఆ సాక్షి లేడు. ఎదురుగా సభ ఉంది, చప్పట్లు ఉన్నాయి, చేతిలో ఫోనూ ఫోనులో మెచ్చుకోళ్లూ ఉన్నాయి. సభ ముందు ఎవడైనా తన తప్పు చెప్పుకుంటాడా? ఎదుటివాడి తప్పు చెబుతాడు. ఏటా ఉగాది కవి సమ్మేళనాలు వింటూనే ఉన్నాం. కోకిల, మామిడిపూత అయ్యాక, లోకం చెడిపోయిందని పాతిక మంది కవులు వరసగా వచ్చి చెబుతారు. నాయకులు చెడ్డారు, అధికారులు చెడ్డారు, యువత చెడింది. శాలువా కప్పించుకొని దిగిపోతారు. ఆ పాతిక మందిలో నేనూ కొంచెం చెడ్డానన్నవాడు ఒక్కడు కనిపిస్తే ఆ రోజు పండగే.

ఇది అభ్యుదయ కవులకే పరిమితమనుకోవద్దు. ఇప్పుడు వస్తున్న భక్తి పద్యాలు కూడా చూస్తున్నాను. ఛందస్సు బాగుంటుంది, ప్రాస బాగుంటుంది, స్వామివారి కిరీటం నుంచి పాదాల దాకా వర్ణన ఉంటుంది. రాసినవాడి గుండె మాత్రం అందులో ఎక్కడా కనిపించదు. ధూర్జటి పడ్డ సిగ్గు ఉండదు, రామదాసు పడ్డ బాధ ఉండదు. దేవుడి పేరు ఉన్నంత మాత్రాన భక్తి ఉన్నట్టు కాదు. దేవుడి పేరు లేనంత మాత్రాన భక్తి లేనట్టూ కాదు. పలికే మాటకు సాక్షి ఉన్నాడని భయపడే కవిలో భక్తి ఉంది. ఆ సాక్షిని ఒకరు శివుడంటారు, ఒకరు మనస్సాక్షి అంటారు. పేరులో పేచీ లేదు. ఆ సాక్షి లేకుండా పోతేనే పేచీ.

రెండో నష్టం కవిది కాదు, మనది. పద్యం నోటికి రావడం తగ్గింది. వాచకాల్లో శతక పద్యాలు ఇప్పటికీ ఉన్నాయి. పరీక్షలో పద్యం పూరించి భావం రాయమని అడుగుతూనే ఉన్నారు. పిల్లలు రాస్తూనే ఉన్నారు, మార్కులు తెచ్చుకుంటూనే ఉన్నారు. పరీక్ష అయిన మర్నాటికి పద్యం ఉండదు, భావం ఉండదు. మా తరంలో పద్యం అర్థమైందో లేదో గాని, గొంతులో ఉండిపోయింది. ఇప్పుడు యాభైల్లో, అరవైల్లో ఉన్నవాళ్లను అడగండి. తల్లిని పోగొట్టుకున్న రోజునో, ఉద్యోగం పోయిన రోజునో, చేతికి అక్రమ సొమ్ము అందబోయిన క్షణంలోనో, ఎప్పుడో బెంచీ ఎక్కించి వల్లె వేయించిన పద్యం ఒకటి పిలవకుండానే గుర్తొచ్చి ఉంటుంది. అర్థం ఆ రోజు తెలిసి ఉంటుంది. పద్యం నీతి చెప్పే పద్ధతి అది. తరగతిలో విత్తుతుంది, ముప్ఫై ఏళ్లకు మొలుస్తుంది. విత్తడమే మానేస్తే, మొలవలేదని కవిని తిట్టి ఏం ప్రయోజనం?

అందుకని ఈ స్వర్ణోత్సవ వేళ నావి మూడు విన్నపాలు.

మొదటిది ఉపాధ్యాయ మిత్రులకు. నెలకు ఒక్క పద్యం, మార్కులతో సంబంధం లేకుండా, గొంతెత్తి పాడించండి. రాగం రాకపోయినా ఫరవాలేదు. అయితే పాతవాటి దగ్గరే ఆగకండి. ధూర్జటి తరువాత జాషువాను చెప్పండి, వేమన తరువాత గురజాడను చెప్పండి. ఇద్దరూ ఒకే బడి పిల్లలని, వారు అడుగుతున్నది ఒకే ప్రశ్న అని పిల్లలకు తెలియాలి. నచ్చని పద్యం ఎదురైతే దాటేయకుండా, ఇది ఎందుకు సరికాదో వాళ్లనే చెప్పమనండి. నీతి అప్పజెప్పడం కంటే నీతిని తూచి చూడటం పెద్ద చదువు.

రెండోది సంఘానికి. మనం ఏటా మార్కులకు బహుమతులు ఇస్తున్నాం, ఆటలకు ఇస్తున్నాం. కవితల పోటీ కూడా పెడుతున్నాం. ఆ పోటీకి "అవినీతి", "కాలుష్యం", "నేటి సమాజం" అని విషయాలు ఇవ్వడం ఇక మానేద్దాం. పన్నెండేళ్ల పిల్లవాడి చేత లోకాన్ని తిట్టించి చప్పట్లు కొట్టడం మనమే నేర్పుతున్నాం. "నేను చెప్పిన అబద్ధం", "నేను ఇవ్వని వాటా", "నాకు భయం వేసి ఊరుకున్న రోజు" అని ఇచ్చి చూద్దాం. నాలుగు పంక్తులు రాసినా చాలు. ధూర్జటి రాసిందీ అదే కదా.

మూడోది ఇక్కడ కూర్చున్న మనందరికీ. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక, ఎక్కడున్నా సరే, మీకు నోటికొచ్చిన పద్యం ఒకటి మీ పిల్లలకో మనవలకో చెప్పండి. అమెరికాలో ఉన్న మనవరాలికైతే ఫోనులో చెప్పండి. పూర్తిగా రాకపోతే రెండు పాదాలే చెప్పండి, మిగతా రెండు పాదాలు ఆ పిల్లనే వెతుక్కోమనండి. భావం చెప్పకండి. ఆ పద్యం మీకు ఎప్పుడు, ఏ కష్టంలో పనికొచ్చిందో చెప్పండి. అది చాలు.

నిర్వాహకులు ఇచ్చిన తీర్పులో మారవలసిన మాటలు రెండున్నాయని నా మనవి. "కవిత్వంలో" అన్నచోట "మనలో" అనీ, "తరిగిపోతున్న" అన్నచోట "మనం అడగడం మానేసిన" అనీ రాసుకుంటే తీర్పు సరిపోతుంది. అడగడం మళ్లీ మొదలుపెడితే అప్పీలుకూ అవకాశం ఉంది.